పోలయ్య మావ వేసిన కొసరు

మొన్న ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటికొచ్చారు. ఇద్దరూ సివిల్ ఇంజినీరింగు పూర్తి చేసినవాళ్లే, ఇద్దరిదీ ఉద్దానమే. "మేడమ్, పాత ఇల్లు కొనీవాళ్లకి ముందే చూసిపెట్టీ పనిలో దిగుదామనుకుంటన్నాం. మీరు చాన్నాళ్లు అదే చేసారట కదా, ఎలా ఉంటాదో చెప్పండి" అన్నారు. అబ్బ, ఎంత సంతోషమేసిందో! వాళ్లకి టీ ఇవ్వడం కూడా మర్చిపోయి పొద్దు వాలేదాకా వాగుతూనే ఉన్నాను. వాళ్లెళ్లిపోయాక కూడా నా నోరు ఊరుకోలేదు. అందుకే ఇలా కాగితం మీద పెట్టీస్తన్నాను. మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వటం లేదు గానీ, కబుర్లకేం తక్కువ లేదు.

నేను పలాసలో పనిలో చేరింది తొంభైల చివర్లో. మా ఇంట్లో పదో క్లాసు దాటిన మనిషి లేదు. మాయమ్మ అప్పాయమ్మ భావనపాడు రేవులో చేపలు వేలంపాటలో కొని, గంపకెత్తుకుని ఊళ్లంట తిరిగి అమ్మీది. అలాంటి ఇంట్లోంచి నేను ఇంజినీరునైపోయాను! డిగ్రీ వచ్చిన రోజు మాయమ్మ ప్రతి గుమ్మం దగ్గరా ముందు ఆ కబురు చెప్పి, తరవాతే చేప ధర చెప్పిందట. "నా కూతురు ఇళ్లు కడతాది" అని. నిజానికి నేను కట్టినవి తక్కువే. ఎవరో కట్టినవాటిలో లోపాలు వెతకడమే నా బతుకంతా. ఆ తేడా ఆవిడకి ఎంత చెప్పినా ఎక్కలేదు.

రామ్మూర్తి గారి నాలిక

నాకు పని నేర్పింది రామ్మూర్తి గారు. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం మీద, మేడ గదిలో ఆయన ఆఫీసు. ప్లాన్లు గీసీవారు, ఇళ్లకి ధర కట్టీవారు, ఎవరైనా పాత ఇల్లు కొనుక్కుంటే ముందెళ్లి చూసొచ్చీవారు. కిందనుంచి వేగిన జీడిపప్పు వాసన మధ్యాన్నమైతే చాలు, పొట్టలో పేగులు అరిపించీది.

ఇల్లు చూడ్డంలో ఆయన్ని మించినోడు లేడని ఇప్పటికీ అంటాను. చిన్న సుత్తి పట్టుకుని స్లాబు కింద తట్టుకుంటూ పోయీవారు. గట్టి స్లాబు ఖంగుమంటాది. లోపల ఊచ తుప్పు పట్టి, సిమెంటు వదిలీసిన చోట డొల్లగా మోగుతాది. ఆ మోతని చెవికి అలవాటు చేసుకోండి, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇంకో పని చేసీవారు, చూసినవాళ్లు నవ్వీవారు. గోడ పెచ్చు గిల్లి నాలిక మీద పెట్టుకునీవారు. మన సముద్రపొడ్డున ఉప్పు ఎక్కడుందో నాలిక చెప్పినంత తొందరగా ఎవరూ చెప్పరు.

మరి మాట్లాడ్డం? అందులో మాత్రం ఆయన సున్నా. లోపం దొరికితే చాలు, దొంగ దొరికినట్టే. అమ్మీవాడి మీద విరుచుకు పడిపోయీవారు. భయపెడితే ధర దిగుతాదని ఆయన నమ్మకం. కొన్నిసార్లు దిగీది కూడా. దిగిన ప్రతిసారీ ఇద్దరు మనుషులు జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అయిపోయీవారు. చిన్న ఊళ్లలో అది చాలా ఖరీదైన బేరం అని నేను అనుకుంటాను.

నర్సు రూతమ్మ ఇల్లు

రెండువేలు దాటిన కొన్నాళ్లకి, ఎండలు మొదలవుతుండగా, రూతమ్మ గారు మా ఆఫీసుకి వచ్చారు. టెక్కలి ఆస్పత్రిలో నర్సు. పుట్టింది ఉద్దానంలో, కొబ్బరి తోటల ఊళ్లో. వాళ్లది బాప్టిస్టు సంఘం. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. అద్దె ఇళ్లు మారి మారి విసిగిపోయింది. నైటు డ్యూటీ నుంచి పొద్దున్నే ఇంటికొచ్చి పడుకుంటే, ఇంటివాళ్లు పెరట్లో రోలు మోగించీవారట కావాలనే.

"ఒక ఇల్లు చూసానమ్మా. బయానా కూడా ఇచ్చీసాను. ఇప్పుడు భయమేస్తంది, ఒక్కసారి చూసిపెట్టండి" అంది.

రామ్మూర్తి గారు నెత్తి కొట్టుకున్నారు. "బయానా ఇచ్చాక చూపిస్తావేటమ్మా? సూదేసాక రోగమేటని అడుగుతావా?"

"మీకు సూదులు నేనేస్తాను గానీ, మీరు ఇల్లు చూడండి సార్" అంది ఆవిడ.

పిల్లలూ, ఇది వినండి. నా సర్వీసులో సగానికి సగం మంది బయానా ఇచ్చాకే వచ్చారు. మన దగ్గర ముందు మాట, తరవాత చూపు. తిట్టి లాభం లేదు. అక్కడినుంచే పని మొదలెట్టాలి.

అమ్మీవాడు భావనపాడు మనిషి. పేరు పోలయ్య. వేట బాగా సాగిన రోజుల్లో, పిల్లల చదువులకని టెక్కలిలో జాగా కొని ఇల్లు కట్టాడు. పిల్లల చదువులైపోయాయి. తుపానుకి పడవ పోయింది. వేరేవాళ్ల పడవలో కూలివాటాకి వెళ్తన్నాడు. ఇల్లు అమ్మి మళ్లీ సొంత పడవ కొనుక్కోవాలని ఆయన ఆశ. వేసవిలో వేట ఆపీసే రోజులొస్తాయి కదా, ఆ రోజుల్లో పడవ బాగుచేసుకుని, వేట తెరిచే నాటికి సముద్రం మీదుండాలి.

ఇల్లు చూస్తే ముచ్చటేసింది. ముందు హాలు, వంటిల్లు. వెనక రెండు గదులు. కొత్తగా సున్నం కొట్టి తెల్లగా మెరిసిపోతంది. రూతమ్మ గారు వెనక గదిలోకి తీసుకెళ్లి, "ఇది నా పిల్లలకి. మంచం ఇక్కడ, బల్ల అక్కడ" అని చెయ్యి చూపించింది. నేను మంచం అన్నచోట నిలబడి పైకి తట్టాను.

డొల్ల.

ఇంకో చోట తట్టాను. డొల్ల. సున్నం కిందనుంచి ఊచల దారమ్మట సన్నటి గీతలు. రామ్మూర్తి గారు చిన్న ముక్క రాల్చారు. లోపల ఊచ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఆయన పెచ్చు నాలికకి తగిలించుకుని నావైపు చాపారు. నేనూ రుచి చూసాను. ఇంక చెప్పక్కర్లేదు. ముందు హాలూ వంటిల్లూ ఏటి ఇసకతో కట్టారు, అవి గట్టిగానే ఉన్నాయి. వెనక గదులు తరవాత వేసినవి. సముద్రం ఇసకతో. ఆ ఉప్పే ఊచని తినీసింది.

రూతమ్మ గారు మా ఇద్దరి మొహాలూ చూసింది. రోగి మంచం దగ్గర డాక్టరు మొహం చూసీ అలవాటు కదా, ఏమీ అడక్కుండానే గోడకి ఆనుకుంది. "పిల్లల గదేనా?" అంది.

"పిల్లల గదే" అన్నాను.

అరుగు మీద అన్న మాట

ఆ ఆదివారం పోలయ్యని పిలిపించారు. ఆయన భార్య లచ్చమ్మతో వచ్చాడు. ఆ ఇంటి అరుగు మీదే కూర్చున్నాం. వీధిలో పనేం లేనివాళ్లంతా చేరిపోయారు. రామ్మూర్తి గారు లోపలికి రమ్మని కూడా అనలేదు.

"ఇది ఇల్లు కాదయ్యా, ఉప్పు కొట్టు. వెనక గదులు ఎప్పుడు కూల్తాయో తెలీదు. ధరలో మూడో వంతు కోసీయ్. లేదా బయానా వెనక్కియ్యి" అనీసారు.

పోలయ్య ముందు అర్థం కానట్టు చూసాడు. తరవాత లేచి నిలబడ్డాడు. "ఏటన్నావు? ఉప్పు కొట్టా? నా పిల్లలు పదేళ్లు పడుకున్నారు ఆ గదిలో. ఒక్క సుక్క కారలేదు. నాలుగు డబ్బులు తగ్గించుకోడానికి నా ఇంటికి పేరెడతావా?"

"పేరు నేను పెట్టలేదు, నీ ఇసకే పెట్టింది."

"నానేటి దొంగసరుకమ్మినానా? రేపు రేవులో ఏటంటారు? కుళ్లిన సేప గంప అడుక్కి తోసీసినట్టు, పోలయ్య నర్సమ్మకి ఇల్లు అంటగట్టీసినాడంటారు! బయానా లేదు, ఏటీ లేదు. ధరలో దమ్మిడీ తగ్గదు. కొంటే కొను, లేపోతే ఎల్లిపో."

లచ్చమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరూ బస్సెక్కీసారు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ జారుకున్నారు. రూతమ్మ గారు అరుగు మీదే ఉండిపోయింది. బయానా కోసం చెవుల్లోవి తాకట్టు పెట్టిందని నాకు అప్పుడే తెలిసింది. వెనక్కి తగ్గితే అది పోయినట్టే. ముందుకెళ్తే పిల్లల్ని ఆ స్లాబు కింద పడుకోబెట్టాలి.

రామ్మూర్తి గారు తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసి, "అమ్మాయ్, చెడింది. నువ్వోసారి వెళ్లి మాట్లాడు. నన్ను చూస్తే వాడు తెడ్డు తీస్తాడు" అన్నారు. పెద్దమనిషి. చెయ్యి దాటిందని ఒప్పుకుని, కుర్రదానికి వదిలీసే బాసులు ఎంతమంది ఉంటారు చెప్పండి?

నా తీర్పు ఇదీ: ఇంటి లోపం ఇంటి లోపలే చెప్పాలి. తలుపు దగ్గరికేసి, ఇంటాయనకి మాత్రమే. మన ఊళ్లలో ఇల్లంటే మనిషి పేరు. నలుగురిలో దానికి చిల్లు పెడితే, చిల్లు నిజమే అయినా ఎవరూ ఒప్పుకోరు. మీరైనా, నేనైనా ఒప్పుకోం.

రేవులో

మర్నాడు తెల్లారీసరికి భావనపాడులో ఉన్నాను. పడవలొచ్చీసాయి. ఇసకలో గంపల చుట్టూ పాట జోరుగా సాగతంది. పోలయ్య తన వాటా చేప పాటకి పెట్టాడు. ఒకావిడ పెద్ద గొంతుతో ధర పిలిచింది, పాట ఆవిడకే కొట్టీసారు. గంప ఒంపుకుని చూస్తే, అడుగున కొన్ని చేపలు మెత్తబడిపోయున్నాయి. ఆవిడ మొప్ప తెరిచి పోలయ్యకి చూపించింది. అంతే, నోరు తెరవలేదు. పోలయ్య కూడా నోరు తెరవలేదు. మెత్తటివి ఏరి అవతల పారీసి, తన ఇంటి కూరకని పక్కన పెట్టుకున్న వంజరం తీసి ఆవిడ గంపలో పడీసాడు. ఆవిడ గంపెత్తుకుని వెళ్లిపోయింది.

నేను చిన్నప్పుడు మాయమ్మ పక్కన కూర్చుని ఇది ఎన్నిసార్లు చూసానో! పాటలో పిలిచిన ధర రేవులో ఎవరూ తగ్గించరు. తగ్గించమని అడగరు. అడిగితే అమ్మినోడికి తలవంపు. సరుకులో తేడా ఉంటే కొసరు వేస్తారు. కాలేజీ, ఆఫీసు, సుత్తి, ఇన్నింటిలో పడి అది నా బుర్రలో ఎక్కడో అడుక్కి వెళ్లిపోయింది.

దగ్గరికెళ్లాను. పోలయ్య చూసి మొహం తిప్పుకున్నాడు. "మళ్లీ ఏటి? ఆ సుత్తి ముసలాడు పంపినాడా?"

"నేను అప్పాయమ్మ కూతుర్ని మావా."

"ఏ అప్పాయమ్మ?"

"ఇక్కడే పాట పాడీది. గంప మీద ఎర్రగుడ్డ కట్టీది."

"ఓలమ్మ!" అంది వెనకనుంచి లచ్చమ్మ. "సేపల అప్పాయమ్మ కూతురువా? ఇంజినీరైపోయిందని ఇంటింటికీ సెప్పింది కాదేటి, ఆ పిల్లవా? మీయమ్మ సెప్పింది ఇనలేక ఓ రోజు నాను తలుపేసీసుకున్నాను!"

పోలయ్యకి నవ్వాగలేదు. కోపం కొంచెం పక్కకి జరిగింది. పడవ నీడన కూర్చున్నాం. ముగ్గురమే.

"మావా, ఇందాక ఆవిడకి ధర తగ్గించలేదేం?" అన్నాను.

"పిలిసిన ధర తగ్గిస్తామేటి? పరువుంటాదా?"

"మరి వంజరం ఎందుకేసావు?"

"సరుకు మెత్తగుంది. అది సరిసెయ్యాల కదా."

"నర్సమ్మ కూడా ధర తగ్గించమనదు. సరుకు సరిచెయ్యమంటాది."

 ఇసకలో వేలితో ఏదో గీస్తా కూర్చున్నాడు. "అది మంచి ఇసకే పాపా" అన్నాడు. "మా పడవ లాగీ చోట ఇసక. పెరట్లో గుట్టపోసి, రెండు వానాకాలాలు తడవనిచ్చినాను. ఉప్పంతా దిగిపోద్దని మా అయ్య సెప్పీవోడు. సేపల వ్యానులో టెక్కలికి కొంచెం కొంచెంగా మోయించినాను."

మోసం కాదు. నమ్మకం. మన ఒడ్డున ఎంతమంది ఇళ్లు అదే నమ్మకం మీద నిలబడున్నాయో! పైన తడిసిన ఇసకలో ఉప్పు దిగుతాది. గుట్ట లోపలిది అలాగే ఉంటాది. నేను సంచీలోంచి స్లాబు ముక్క తీసి ఇచ్చాను. "నాలిక మీద పెట్టి చూడు మావా."

పెట్టుకున్నాడు. సముద్రం మీద బతికినవాడికి ఆ రుచి నేను చెప్పాలా? చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. తరవాత ఉమ్మీసి, "ఉప్పే" అన్నాడు.

లచ్చమ్మ అందుకుంది. "నాను ఆనాడే సెప్పినాను. సముద్రంది సముద్రం కాడే ఉంచరా మగడా అని. ఇన్నాడేటి?"

"నువ్వు నోరుముయ్యే."

"మూస్తాను గానీ, ఆ నర్సమ్మ పిల్లలు ఆ గదిలో పడుకుంటారట. ఆలోసించు."

ఆయన లేచి పడవ చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు. "ధర ఒక్క రూపాయి తగ్గదు" అన్నాడు. నేను లేవబోయాను. "ఆ రెండు గదుల కప్పు నానే పీకించీసి కొత్తది ఎయ్యిస్తాను. మా పడవోళ్లు పగలగొడతారు, కూలక్కర్లేదు. ఇసక ఏటిదే తోలిస్తాను. నువ్వొచ్చి నిలబడి సూసుకో. అదే కొసరు. కానీ పాపా, సిమెంటుకీ ఇనుముకీ నా సేతిలో ఏటీ లేదు. పడవకని దాసింది తీస్తే, పడవుండదు."

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. ఇద్దరికీ ఇల్లు కంటే ముందు కావలసింది ఒకరి మీద ఒకరికి భరోసా. అటునుంచటే టెక్కలి వెళ్లి రూతమ్మ గారితో చెప్పాను. ఆవిడ ఆలోచించి, "మిగతా సొమ్ములో కొంత పాత కప్పు పీకీసినాడు ఇస్తాను. ఇంకొంత కొత్త స్లాబు పోసినాడు. చివరిది రిజిస్ట్రేషన్ నాడు. ధర ఆయనన్నదే" అంది.

ఆఫీసుకొచ్చి ఆ మాట చెప్తే రామ్మూర్తి గారు కుర్చీలోంచి లేచీసారు. "రిజిస్ట్రేషన్ ముందే సొమ్మిస్తారా ఎవరైనా? వాడు పడవెక్కి పారిపోతే?"

"పడవ కొనుక్కోడానికే కదా సార్ సొమ్ము" అన్నాను. "పడవ లేకుండా ఎలా పారిపోతాడు?"

ఆయన గట్టిగా నవ్వి, ఒప్పందం కాగితం ఆయనే కుదురుగా రాసిచ్చారు, ఎవరికీ నష్టం రాకుండా. భయపెట్టడంలోనే కాదు, కాపాడ్డంలోనూ ఆయన దిట్ట. ఆ రోజు చూసాను.

మీకు చెప్పొచ్చేదేంటంటే, లోపం దొరికినప్పుడు అందరికీ ముందు ధరే గుర్తొస్తాది. ధర తగ్గినా ఆ ఉప్పు అక్కడే ఉంటాది, ఆ పిల్లలు దాని కిందే ఉంటారు. తగ్గించిన సొమ్ముతో కొన్నవాళ్లే తరవాత బాగుచేయించుకుంటారని అనుకోకండి. నేను చూసినవాళ్లలో చాలామంది ఆ సొమ్ముతో ముందు టీవీ కొన్నారు.

చెక్కలు విప్పిన రోజు

భావనపాడు నుంచి పడవ కళాసీలు పదిమందిదాకా దిగారు. స్లాబు పగలగొట్టడం కాదు, పండగ చేసారు. వలలు లాగీటప్పుడు పాడీ పాటే పాడుతూ సమ్మెటలు వేసారు. వీధంతా వచ్చి చూసింది. ఈసారి ఎవరూ గుసగుసలాడలేదు. "పోలయ్య కొత్త కప్పు ఏయించి మరీ అమ్ముతన్నాడట" అని చెప్పుకున్నారు. అరుగు మీద పోయిన పేరు అరుగు మీదే తిరిగొచ్చింది.

ఇనుము కట్టినప్పుడు, కాంక్రీటు పోసినప్పుడు నేను కదల్లేదు. ఇసక ప్రతి బండీ నాలిక మీద పెట్టి చూసాను. ఉప్పు మీద బతికీ మనుషుల మధ్య చప్పటి ఇసక కోసం ఏడుపొకటే తక్కువ నాకు! కొత్త స్లాబు తడపడానికి వీధి బోరు నీళ్లు కూడా రుచి చూసి, ఉప్పగా తగిలితే వద్దనీసాను. రూతమ్మ గారు ఆస్పత్రి వెనక మంచినీళ్ల బావి నుంచి మోయించింది. పిల్లలిద్దరూ బడి నుంచి వస్తూనే మేడెక్కి స్లాబు మీద పరిచిన గోనెలు తడిపీవారు.

స్లాబు గట్టిపడ్డాక, దాని అడుగున కొట్టిన చెక్కలు విప్పీ రోజు పోలయ్య కొత్త పంచె కట్టుకొచ్చాడు. మేస్త్రీ చెక్కలకి ఆనించిన పోటు కర్రలు ఒక్కొక్కటీ తీస్తుంటే, ఆయన గబగబా గది మధ్యకెళ్లి నిలబడ్డాడు.

"మావా, ఇవతలికి రా. తీసేటప్పుడు కింద ఉండకూడదు" అని అరిచాను.

"నా కొసరు కింద నాను నిలబడకపోతే ఎవరు నిలబడతారు?" అన్నాడు. మేస్త్రీ ఆగిపోయాడు. లచ్చమ్మ బయటినుంచి, "నిలబడనీ, సెప్తే ఇన్నాడు గనకనా!" అంది. చివరికి నేనే చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఇందులో మొహమాటం వద్దు, పద్ధతి పద్ధతే. కర్రలన్నీ తీసాక, చెక్కలు దింపాక, దుమ్ము అణిగాక, ఆయన మళ్లీ వెళ్లి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. పైకి చూసాడు. తరవాత రూతమ్మ గారిని పిలిచాడు.

"రామ్మా. నీ పిల్లల గది."

ఆవిడ వెళ్లి పక్కన నిలబడింది. పైకి చూడలేదు. కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుంది. పోలయ్యకి ఆ ప్రార్థన తెలీదు, అయినా చేతులు జోడించాడు. వారం తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ తరవాతి ఆదివారం పాస్టరు గారొచ్చి ఇంట్లో ప్రార్థన చేసారు. పోలయ్య దంపతులు గంపెడు రొయ్యలు పట్టుకొచ్చారు. రామ్మూర్తి గారూ వచ్చారు. పోలయ్య ఆయన పక్కనే కూర్చుని, "ఉప్పు సరిపోయిందేటి ఇంజినీరు బాబూ?" అని అడిగి, ఆయనకి ఇంకాస్త వడ్డించమన్నాడు.

ఆ వేసవిలోనే ఓ పొద్దున్న పోలయ్య మావ కాశీబుగ్గ మేడ మెట్లెక్కి మా ఆఫీసుకొచ్చాడు. "పాపా, పడవ బేరం కుదిరింది. కొత్తది కాదు, పాతదే. నువ్వొకసారి రావాల."

"నాకు పడవల సంగతేం తెలుసు మావా?" అన్నాను.

"నీకేటీ తెలీక్కర్లేదు. ఊరికే వొచ్చి పక్కన నిలబడు."

వెళ్లాను. ఒడ్డున బోర్లించిన పడవ, దాని పక్కన దాన్ని అమ్మీ ముసలాయన. పోలయ్య మావ నన్ను చూపించి, "మా పిల్ల. ఇంజినీరు" అన్నాడు. నేను ఏమీ మాట్లాడలేదు, పడవని ముట్టుకోను కూడా లేదు. ముసలాయన నన్నోసారి, పోలయ్యనోసారి చూసి గొంతు సవరించుకున్నాడు. 

"అడుగున రెండు చెక్కలు మెత్తగున్నాయి. ధర తగ్గించను. నానే మార్పించి ఇస్తాను" అన్నాడు.